మీ ప్రశ్న - మా జవాబు: ఊళ్లో ఏటీఎం పెట్టాలంటే..

చిన్న పట్టణాల్లో, పెద్ద పంచాయతీల్లో షాపులున్నవాళ్లు ఏటీఎం ఫ్రాంచైజీల గురించి ఎక్కువగా అడుగుతున్నారు. వచ్చిన వాటిలో ఒకే రకం ప్రశ్నలను కలిపి ఈసారి జవాబులిస్తున్నాం. బ్యాంకింగ్, పన్నుల వ్యవహారాలు చూసే మా నిపుణులు వీటిని రాశారు.

ప్రశ్న: బస్టాండు ఎదురుగా నాకు సొంత షాపు ఉంది. సెకండ్ హ్యాండ్ ఏటీఎం మిషన్ తక్కువ ధరకు దొరుకుతోంది. కొని సొంతంగా నడుపుకోవచ్చా? లైసెన్సు ఎవరిస్తారు?
- వినుకొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: కొనకండి. మిషన్ మీదే అయినా దాన్ని కార్డుల నెట్‌వర్క్‌కు కలిపే హక్కు మీకు రాదు. 2007 నాటి చెల్లింపులు, పరిష్కార వ్యవస్థల చట్టం ప్రకారం రిజర్వు బ్యాంకు అనుమతి లేకుండా ఎవరూ చెల్లింపు వ్యవస్థ నడపకూడదు. నడిపితే జైలు శిక్ష, కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

బ్యాంకు కాని కంపెనీలు ఏటీఎంలు పెట్టడానికి రిజర్వు బ్యాంకు 2012 జూన్ 20న మార్గదర్శకాలు ఇచ్చింది. వీటినే వైట్ లేబుల్ ఏటీఎంలు అంటారు. ఆ అనుమతి కావాలంటే కంపెనీకి కనీసం 100 కోట్ల నికర విలువ ఉండాలి. ఇండియా1, హిటాచీ మనీ స్పాట్, వక్రంగీ, ఇండిక్యాష్, ఈపీఎస్ ఇలా అనుమతి పొందినవే. ఇలాంటి కంపెనీతో ఫ్రాంచైజీ ఒప్పందం చేసుకోవడమే మీలాంటి వారికున్న దారి. మిషన్, సాఫ్ట్‌వేర్, నెట్‌వర్క్, స్పాన్సర్ బ్యాంకు (కంపెనీ తరఫున లావాదేవీల లెక్క తేల్చే బ్యాంకు) అన్నీ కంపెనీవి. స్థలం, కరెంటు, రోజువారీ నిఘా మీవి. చాలా ఒప్పందాల్లో లోపల పెట్టే నగదు కూడా మీదే.

కాబట్టి మీ పేరు మీద రిజర్వు బ్యాంకు లైసెన్సంటూ ఏదీ ఉండదు. మీ హక్కులూ బాధ్యతలూ అన్నీ కంపెనీతో రాసుకున్న ఒప్పందంలోనే ఉంటాయి. సంతకానికి ముందు ఈ నాలుగు సంగతులు కాగితం మీద ఉన్నాయో లేదో చూడండి. మీరు కంపెనీకి కట్టే డిపాజిట్ ఎంత, ఎప్పుడు, ఏ కోతలతో తిరిగిస్తారు? మిషన్ పాడై మూలన పడి ఉన్న రోజుల సంగతేమిటి? లోపలి నగదుకు బీమా ఎవరు కడతారు? నగదు తక్కువొస్తే ఎవరి ఖాతాలో రాస్తారు? ‘కంపెనీ నిర్ణయమే అంతిమం’ అనే వాక్యం నగదు తేడాల దగ్గర ఉంటే దాన్ని మార్పించే దాకా సంతకం పెట్టకండి.

ప్రశ్న: ‘మీ ఖాళీ స్థలంలో ఏటీఎం పెడతాం, నెలకు 45 వేలు అద్దె, ఇంట్లో ఒకరికి ఉద్యోగం’ అని ఫోనొచ్చింది. రిజర్వు బ్యాంకు ముద్ర ఉన్న లెటర్ వాట్సాప్‌లో పంపారు. రిజిస్ట్రేషన్‌కు 18,500 కట్టమంటున్నారు. నమ్మవచ్చా?
- జగిత్యాల

జవాబు: ఒక్క రూపాయి కూడా కట్టకండి. రిజర్వు బ్యాంకు ఎవరి స్థలానికీ ఏటీఎం మంజూరు చేయదు, అలాంటి లెటర్లూ పంపదు. సెల్ టవర్ పేరుతో జరిగిన మోసమే ఇప్పుడు ఏటీఎం పేరుతో తిరుగుతోంది. మొదట రిజిస్ట్రేషన్, తర్వాత జీఎస్టీ, ఆపైన బీమా, చివరికి ‘లారీ బయల్దేరింది, రవాణా ఖర్చు’ అంటూ విడతలవారీగా గుంజుతారు.

అసలు కంపెనీ మనిషి ముందు మీ స్థలం చూడటానికి వస్తాడు. డబ్బు అడిగేది స్థలం ఓకే అయ్యాకే. అదీ కంపెనీ పేరున్న కరెంట్ ఖాతాలోకి, రసీదుతో. వ్యక్తి పేరున్న ఖాతా, ఫోన్‌పే నంబరు ఇచ్చారంటే అక్కడితో మాటలు ఆపేయండి. అనుమతి ఉన్న కంపెనీల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంటుంది. పేరు అక్షరం అక్షరం సరిపోల్చండి. ఒక అక్షరం మార్చి పెట్టుకున్న నకిలీ పేర్లు చాలానే ఉన్నాయి. ఇప్పటికే కట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ప్రశ్న: స్థలానికి ఏ కాగితాలు కావాలి? అద్దె షాపులో పెట్టవచ్చా?
- మిర్యాలగూడ, తుని, పలమనేరు పాఠకులు

జవాబు: పెట్టవచ్చు. కంపెనీలు సాధారణంగా గ్రౌండ్ ఫ్లోర్‌లో, రోడ్డు మీదికి కనిపించే 50 నుంచి 80 చదరపు అడుగుల గది అడుగుతాయి. కాంక్రీటు స్లాబు ఉండాలి, రేకుల షెడ్డు పనికిరాదు. దగ్గరలో వేరే ఏటీఎం ఉంటే, అంటే సుమారు 100 మీటర్ల లోపు ఉంటే, ఒప్పుకోరు. కిలోవాట్ లోడు అదనంగా ఇవ్వగలగాలి. నెట్ కోసం పైకప్పు మీద వీశాట్ యాంటెన్నా (ఉపగ్రహ డిష్) బిగించాల్సి రావచ్చు. డాబా వేరొకరి పేరున ఉంటే వాళ్ల నుంచి ముందే రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. మిషన్ వచ్చిన రోజున మేడమీది వాళ్లు అడ్డం తిరగడం మామూలుగా జరిగేదే.

అద్దె ఒప్పందం విషయంలో ఒక పొరపాటు అభిప్రాయం బాగా పాతుకుపోయింది. 11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ అనుకుంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి ఆ ఏడాది పరిమితిని తీసేశారు. ఎంత కాలానికైనా లీజును రిజిస్టరు చేయించాలి. ఫ్రాంచైజీ ఒప్పందం మూడేళ్లో అయిదేళ్లో ఉంటుంది. మిషన్‌ను నేలకు బోల్టులతో బిగిస్తారు. మధ్యలో షాపు యజమాని ఖాళీ చేయమంటే తరలింపు ఖర్చు, డిపాజిట్ కోత రెండూ మీ నెత్తినే పడతాయి. అందుకని లీజు గడువు ఫ్రాంచైజీ గడువుకన్నా కనీసం ఆరు నెలలు ఎక్కువ ఉండేలా రాయించి రిజిస్టరు చేయించండి. ‘ఏటీఎం పెట్టుకోవడానికి, నేలకు బిగించడానికి, పైకప్పు వాడుకోవడానికి అనుమతి’ అని ఆ దస్తావేజులోనే ఉండాలి.

మిగతావి చకచకా అయిపోతాయి. మున్సిపాలిటీ లేదా పంచాయతీ నుంచి ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖ దగ్గర దుకాణాలు, సంస్థల చట్టం కింద నమోదు, మీ పేరున పాన్, వేరే కరెంట్ ఖాతా కావాలి. ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే గుర్తింపు) నమోదు ఉచితం, డబ్బులిచ్చి చేయించుకోకండి. వెలుగుల బోర్డుకు మున్సిపాలిటీ ప్రకటనల రుసుము అడుగుతుంది. దాన్ని ఎవరు కట్టాలో ఒప్పందంలో చూసుకోండి. కరెంటు కనెక్షన్ మాత్రం ఎల్‌టీ-2 వాణిజ్య కేటగిరీలోనే ఉండాలి. ఇంటి మీటరు నుంచి వైరు లాగితే విజిలెన్సు తనిఖీలో దొరికిపోతారు. అప్పుడు పడే బిల్లు కమిషన్ మొత్తాన్నీ మింగేస్తుంది.

గుమ్మం ముందు మెట్లే ఉంటే పక్కనే ర్యాంపు కట్టించండి. 2014 జూలై నుంచి కొత్తగా పెట్టే ఏటీఎంలన్నీ మాట్లాడేవిగా, బ్రెయిలీ మీటలతో ఉండాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. మిషన్ వరకు చక్రాల కుర్చీ చేరకపోతే ఆ సౌకర్యాలు పెట్టీ ఉపయోగం లేదు.

ప్రశ్న: నగదు నేనే నింపాలంటున్నారు. ఎంత పెట్టుబడి చేతిలో ఉండాలి? రోజూ లక్షలు డ్రా చేస్తుంటే బ్యాంకువాళ్లు, ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు ఊరుకుంటారా?
- తాడేపల్లిగూడెం

జవాబు: అందరూ అడగాల్సిన ప్రశ్న ఇది, కానీ అడిగేది తక్కువమంది. ఈ వ్యాపారంలో దెబ్బతిన్నవాళ్లలో చాలామంది ఇక్కడే తిన్నారు.

ముందు పెట్టుబడి చూద్దాం. రోజుకు 100 విత్‌డ్రాయల్స్, సగటున 3,000 అనుకుంటే రోజుకు 3 లక్షలు బయటికి పోతాయి. ఆ డబ్బు మరుసటి పనిదినానికల్లా మీ ఖాతాలో పడుతుంది. ఖాతాలో పడినంత మాత్రాన చేతికి రాదు గదా, బ్రాంచి తెరిచి ఉండాలి. రెండో శనివారం, ఆదివారం, ఆ తర్వాత సోమవారం పండగ వచ్చిందనుకోండి. మూడు రోజులకు 9 లక్షలు శుక్రవారం సాయంత్రానికే సిద్ధంగా ఉండాలి. ఒకటో తారీఖు నుంచి పదో తారీఖు వరకు, పత్తి, మిర్చి డబ్బు చేతులు మారే నెలల్లో ఇంకా ఎక్కువ కావాలి. కంపెనీ చెప్పే ‘మూడు లక్షల వర్కింగ్ క్యాపిటల్’ మామూలు వారం మధ్య రోజులకే సరిపోతుంది.

సెలవు రోజుల్లో మిషన్ ఖాళీ అయితే జరిమానా ముప్పు ఉంది. నెలలో మొత్తం 10 గంటలకు మించి నగదు లేకుండా ఉన్న ఒక్కో ఏటీఎంకు 10,000 రూపాయల జరిమానాను రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు 1 నుంచి తెచ్చింది. వైట్ లేబుల్ ఏటీఎం అయితే ఆ జరిమానా నగదు సమకూర్చే బ్యాంకు మీద పడుతుంది. బ్యాంకు కంపెనీ దగ్గర, కంపెనీ ఒప్పందాన్ని చూపి మీ దగ్గర వసూలు చేసే వీలుంది. ఆ వాక్యం మీ ఒప్పందంలో ఉందో లేదో వెతకండి.

ఇక పన్ను. ఏడాదిలో కోటి రూపాయలకు మించి నగదు తీస్తే బ్యాంకు 2 శాతం టీడీఎస్ (ముందే మినహాయించే పన్ను) కోస్తుంది. సెక్షన్ 194ఎన్ అని అందరికీ తెలిసిందిదే. వరుసగా మూడేళ్లు రిటర్నులు వేయనివారికి 20 లక్షల నుంచే కోత మొదలవుతుంది. రోజుకు 3 లక్షల చొప్పున 300 రోజులు తీస్తే 9 కోట్లు. కోటి మినహాయిస్తే 8 కోట్ల మీద 2 శాతం, అంటే 16 లక్షలు. మీ ఏడాది కమిషన్ మొత్తం అందులో అయిదో వంతు కూడా ఉండదు. రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు కానీ అప్పటిదాకా మిషన్‌లో పెట్టడానికి డబ్బేది?

దీనికి మినహాయింపు ఉంది. 2019 సెప్టెంబరు 18న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో వైట్ లేబుల్ ఏటీఎం ఫ్రాంచైజీ ఏజెంట్లను కూడా చేర్చారు. షరతులు రెండు. ఏటీఎంలో నింపడానికి మాత్రమే నగదు తీసే ఖాతా ఒకటి విడిగా ఉండాలి. తీసిన డబ్బు మిషన్‌లోని నగదు లెక్కకు సరిపోయిందని కంపెనీ ప్రతి నెలా బ్యాంకుకు సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ ఖాతాలోంచి ఒక్కసారి కిరాణా సరుకుకో, స్కూలు ఫీజుకో తీశారంటే మినహాయింపు వాదన బలహీనపడినట్టే. ఖాతా తెరిచే రోజే ఈ నోటిఫికేషన్ కాపీ, ఫ్రాంచైజీ ఒప్పందం కాపీ మేనేజరు గారికి ఇచ్చి రసీదు తీసుకోండి. నెలవారీ సర్టిఫికెట్ ఇస్తామని కంపెనీతో ఒప్పందంలోనే రాయించుకోండి. 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి. ఫారాల మీద ఏ నంబరు వేయాలో ఆడిటరును అడగండి.

కరెంట్ ఖాతాలో ఏడాదికి 50 లక్షలు దాటిన నగదు వ్యవహారాలను బ్యాంకు ఆదాయపు పన్ను శాఖకు ఎలాగూ తెలియజేస్తుంది. నోటీసు వస్తే భయపడాల్సింది లేదు. ఏ రోజు ఎంత తీశారు, ఎంత నింపారు, ఎంత తిరిగి వచ్చింది అనే పుస్తకం ఉంటే చాలు.

ప్రశ్న: నిజంగా నెలకు ఎంత మిగులుతుంది? జీఎస్టీ తీసుకోవాలా?
- కొత్తగూడెం

జవాబు: కార్డు ఇచ్చిన బ్యాంకు ఏటీఎం నడిపేవారికి చెల్లించే ఇంటర్‌చేంజ్ 2025 మే 1 నుంచి నగదు తీసినప్పుడు 19 రూపాయలు, బ్యాలెన్స్ చూసుకున్నప్పుడు 7 రూపాయలు. అందులో స్పాన్సర్ బ్యాంకు, కంపెనీ వాటాలు పోను మీకు వచ్చేది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. విత్‌డ్రాయల్‌కు 8, బ్యాలెన్స్‌కు 2 అనుకుని లెక్క వేద్దాం.

రోజుకు 100 విత్‌డ్రాయల్స్, 40 బ్యాలెన్స్ ఎంక్వైరీలు ఉంటే నెలకు 26,400. ఖర్చులు: షాపు వేరొకరికి ఇస్తే వచ్చే అద్దె 4,000, ఏసీతో కలిపి కరెంటు 2,500, రాకపోకలకు 1,500, పెట్టుబడి 9 లక్షల మీద నూటికి రూపాయి వడ్డీ చొప్పున 9,000. మొత్తం 17,000. మిగిలేది 9,400. అదే రోజుకు 60 విత్‌డ్రాయల్స్, 24 బ్యాలెన్స్ ఎంక్వైరీలే ఉంటే రాబడి 15,840. పెట్టుబడి 5.4 లక్షలకు తగ్గినా వడ్డీ 5,400, మిగతా ఖర్చులు అవే కాబట్టి చేతిలో నిలిచేది 2,440. సొంత డబ్బేగా అని వడ్డీ లెక్కలో వేసుకోకుండా దిగినవాళ్లకు ఈ తేడా ఎప్పటికీ కనిపించదు. యూపీఐ వచ్చాక 200, 300 కోసం ఏటీఎంకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. పక్క ఊరి ఏటీఎం ముందు ఒక ఒకటో తారీఖున, ఒక ఇరవయ్యో తారీఖున నిలబడి ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టి నిర్ణయించుకోండి.

సేవల మీద ఏడాదికి 20 లక్షల రాబడి దాటితేనే జీఎస్టీ నమోదు తప్పనిసరి. ఇక్కడ రాబడి అంటే కమిషన్, మిషన్‌లోంచి పోయిన నగదు కాదు. అయితే మీకు ఇదివరకే ఇంకో వ్యాపారం ఉంటే రెండూ కలిపి చూస్తారు. కమిషన్ ఏడాదికి 20,000 దాటితే కంపెనీ 2 శాతం టీడీఎస్ కోసి ఇస్తుంది. ఇంకో సంగతి. చిన్న వ్యాపారులు (పాత ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీ సెక్షన్‌గా తెలిసిన నిబంధన కింద) అంచనా ఆదాయం చూపి రిటర్ను వేసేస్తారు. కమిషన్ ఆదాయానికి ఆ వెసులుబాటు లేదు, ఖర్చుల బిల్లులు దాచాల్సిందే.

ప్రశ్న: ‘డబ్బులు రాలేదు, అకౌంట్లో కట్ అయ్యాయి’ అని జనం మా షాపు మీదికొస్తున్నారు. ఒక నెలలో మా లెక్కలో 6,500 తక్కువ వచ్చింది. ఇది ఎవరు భరించాలి?
- బాపట్ల

జవాబు: కస్టమరుకు మీరు చేతి నుంచి డబ్బు ఇవ్వకండి. తన కార్డు ఉన్న బ్యాంకులో ఫిర్యాదు చేయమనండి. లావాదేవీ జరిగిన రోజు నుంచి 5 రోజుల్లోగా బ్యాంకు డబ్బు తిరిగి వేయాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. ఏటీఎం ఐడీ, హెల్ప్‌లైన్ నంబరు ఉన్న స్టిక్కరు చిరిగిపోయి ఉంటే ఈరోజే కొత్తది అడగండి. సగం గొడవలు అది కనబడక మీ దాకా వస్తున్నవే.

మీ 6,500 సంగతికి వద్దాం. దీనికి కారణం రోజువారీ ట్యాలీలోనే దొరుకుతుంది. వాల్ట్ (మిషన్‌లో నగదు ఉండే అర) తెరవడానికి కంపెనీ ఒక్కసారికే పనిచేసే కోడ్ పంపుతుంది. తెరిచాక దేన్నీ కదపకముందే కౌంటర్ల స్లిప్పు తీసుకోండి. నిన్న 500 రూపాయల నోట్లు 600 పెట్టారనుకోండి. బయటికి వెళ్లినవి 412, రిజెక్ట్ బిన్‌లో (మిషన్ పక్కన పెట్టిన నోట్లు పడే డబ్బాలో) 9. అయితే క్యాసెట్‌లో (నోట్లు పేర్చే పెట్టెలో) 179 ఉండాలి. చేత్తో లెక్కపెట్టండి. 181 ఉంటే రెండు నోట్లు ఎక్కువ. ఆ వెయ్యి జేబులో వేసుకోకూడదు, ‘అధికం’ అని రాసి ఆరోజే కంపెనీకి తెలపాలి. అది ఎవరికో అందని నోట్ల తాలూకు కావచ్చు. నాలుగు రోజులకు ఆ కస్టమరు క్లెయిము వస్తుంది, మీ సెటిల్‌మెంట్‌లోంచి వెయ్యి కోస్తారు. అధికం వచ్చిన రోజు రాయనివారికి ఆ కోతంతా ‘తక్కువ’గానే కనిపిస్తుంది. మీ నెల లెక్కలో కూడా ముందు ఇదే వెతకండి. ఆ నెలలో వచ్చిన కోతల పక్కన అదే తేదీల అధికాలు రాయండి.

నిజంగానే తక్కువ వస్తే మిషన్ జర్నల్ లాగు (ప్రతి లావాదేవీ నమోదయ్యే రికార్డు), కెమెరా దృశ్యం అడుగుతూ వెంటనే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఒప్పందంలో దీనికి గడువుంటుంది, దాటితే వినరు. కెమెరా రికార్డింగు కనీసం 90 రోజులు నిలిచేలా హార్డ్ డిస్క్ ఉండటం మంచిది.

అన్నిటికన్నా పెద్ద నష్టం తెచ్చే తప్పు, 200 క్యాసెట్‌లో 500 నోట్లు పెట్టడం. లోపలున్నది ఏ నోటో మిషన్‌కు తెలియదు. ఆ క్యాసెట్‌కు ఏ విలువ కేటాయించారో దానినిబట్టి లెక్కేసి ఇస్తుంది. 400 అడిగినవాడికి రెండు నోట్లు, అంటే వెయ్యి వెళ్తుంది. ఈ వార్త ఊళ్లో అరగంటలో పాకుతుంది. క్యాసెట్‌ల మీద రంగు టేపు అంటించి, నింపేటప్పుడు ఇద్దరు ఉండేలా చూసుకుని, మూసేముందు రెండోవాళ్లు పైనోటు చూసి సరేనన్నాకే తలుపు వేయండి.

నోట్లు ఇరుక్కోవడానికి ఎక్కువగా కారణం నోట్లే. పిన్నులు, టేపు ముక్కలు, మూలల మడతలు తీసేయండి. పేకముక్కల్లా విరజిమ్మి గాలి ఆడనివ్వండి. కొత్త కట్టలు, నలిగిన కట్టలు కలపకండి. మీలాంటి సముద్ర తీరపు ఊళ్లలో వానాకాలం చెమ్మకు కొత్త నోట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. క్యాసెట్ నిండుగా కుక్కితే రోలర్ రెండేసి నోట్లు లాగి రిజెక్ట్‌లో పడేస్తుంది. మొత్తం 2,000 కాగితాలు పట్టే క్యాసెట్‌లో 1,800 కాగితాల దగ్గర ఆపండి. 100 లేదా 200 నోట్లకు ఒక క్యాసెట్ తప్పక ఉంచండి. ఏటీఎంలలో 90 శాతం వాటినిచ్చేలా 2026 మార్చి 31 నాటికి చేయాలని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఆదేశించింది.

ప్రశ్న: మా కిరాణా షాపు గల్లాలోని డబ్బే నింపవచ్చా? దొంగనోటు వస్తే నా మీద కేసు పెడతారా?
- సిద్దిపేట

జవాబు: షాపుల నుంచి నగదు సేకరించడానికి వైట్ లేబుల్ కంపెనీలను రిజర్వు బ్యాంకు 2016 డిసెంబరులో అనుమతించింది. కానీ ఆ నోట్లు అసలువో కాదో, మిషన్‌కు పనికొస్తాయో లేదో యంత్రంతో పరీక్షించాకే పెట్టాలి. మీ కంపెనీ దీన్ని ఒప్పుకోకపోతే గల్లా డబ్బు ముట్టుకోకండి. ఒప్పుకున్నా, గల్లా డబ్బు ముందు బ్యాంకులో జమ చేసి, ఏటీఎం కోసమే విడిగా తెరిచిన ఖాతాలోంచి కట్టలు తెచ్చుకుంటే పెట్టుబడి ప్రశ్నలో చెప్పిన టీడీఎస్ లెక్క, నోట్ల పూచీ రెండూ సులువవుతాయి.

దొంగనోటని తెలిసి చలామణి చేస్తే భారతీయ న్యాయ సంహిత 179వ సెక్షన్ వర్తిస్తుంది. తెలియకుండా జరిగిందని చూపడానికి బ్యాంకు విత్‌డ్రాయల్ స్లిప్పులు, కట్టల లేబుళ్లు, లెక్కింపు యంత్రం రికార్డు పనికొస్తాయి. లేబుళ్లను కనీసం నెల రోజులు తేదీ రాసి కవరులో దాచండి.

ప్రశ్న: బ్రాంచి నుంచి బైకు మీద డబ్బు తెస్తున్నాను. ఎన్నికలప్పుడు పోలీసులు ఆపి పట్టుకుంటారా?
- ధర్మవరం

జవాబు: ఇద్దరు సాయుధ గార్డులు, ప్రత్యేక వ్యాను వంటి 2018 నిబంధనలు నగదు తరలించే సెక్యూరిటీ ఏజెన్సీలకు పెట్టినవి. ఏటీఎంలలో నగదు నింపడం పట్టణాల్లో రాత్రి 9, పల్లెల్లో సాయంత్రం 6 తర్వాత కూడదని వాటిలోనే ఉంది. మీకూ అదే వేళ మంచిది. రోజూ ఒకే సమయానికి, ఒకే దారిలో వెళ్లకండి. ‘మనీ ఇన్సూరెన్స్’ పాలసీ తీసుకుని అందులో రవాణాలో ఉన్న నగదు, మిషన్‌లోని నగదు రెండూ ఉన్నాయో చూసుకోండి. ఒంటరిగా తీసుకెళ్తే క్లెయిము చెల్లదనే షరతు చాలా పాలసీల్లో లోపలి పేజీల్లో ఉంటుంది.

ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో 50,000 దాటిన నగదుకు ఆధారం అడుగుతారు. ఆరోజు విత్‌డ్రాయల్ స్లిప్పు, పాస్‌బుక్ ఎంట్రీ, కంపెనీ ఇచ్చిన అధికార పత్రం, గుర్తింపు కార్డు నాలుగూ వెంట ఉంచుకోండి. స్లిప్పులోని మొత్తానికి, సంచిలోని మొత్తానికి తేడా ఉండకూడదు. మీ సొంత డబ్బు 20 వేలు కూడా అదే సంచిలో ఉంటే మొత్తం పట్టుకుంటారు. పట్టుకుంటే పంచనామా కాపీ తీసుకుని జిల్లా స్థాయి కమిటీకి అర్జీ పెట్టండి. 10 లక్షలు దాటితే ఆదాయపు పన్ను శాఖకూ తెలియజేస్తారు.

ప్రశ్న: అంత పెట్టుబడి లేదు. వేలిముద్రతో డబ్బిచ్చే మినీ ఏటీఎం పెట్టుకుంటే? వెయ్యికి 10 రూపాయలు తీసుకోవచ్చా?
- నారాయణపేట నుంచి ఒక సోదరి

జవాబు: మీ పరిస్థితికి అదే మేలమ్మా. చేతిలో 50,000 తిరిగితే మొదలుపెట్టవచ్చు. బ్యాంకు లేదా దాని కరస్పాండెంట్ కంపెనీ (బ్యాంకు తరఫున సేవలందించే సంస్థ) ద్వారా ఐఐబీఎఫ్ (బ్యాంకింగ్ శిక్షణ సంస్థ) పరీక్ష రాసి, కేవైసీ పూర్తి చేసి చేరాలి. ఆధార్‌తో ఒకసారికి 10,000 వరకు ఇవ్వవచ్చు. 2026 జనవరి 1 నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం వరుసగా 3 నెలలు లావాదేవీ లేకపోతే మళ్లీ కేవైసీ చేయనిదే ఐడీ పనిచేయదు.

కస్టమరు దగ్గర మీరు నేరుగా ఏమీ తీసుకోకూడదు. మీ కమిషన్ బ్యాంకు నుంచే వస్తుంది. వెయ్యికి పది తీసుకుంటూ ఐడీ పోగొట్టుకున్నవాళ్లు ప్రతి మండలంలో ఉంటారు. ‘సర్వర్ డౌన్’ అని వేలిముద్ర మళ్లీ మళ్లీ వేయించకండి. ప్రతిసారీ ముందు స్టేటస్ చూసి, స్లిప్పు ఇచ్చి, మొత్తాన్ని గట్టిగా చదివి వినిపించండి. ముసలివాళ్లు పింఛను డబ్బుకు మీ మాటే నమ్ముతారు.

ప్రశ్న: క్రెడిట్ కార్డు గీకి 2 శాతం కమిషన్‌కు నగదు ఇవ్వడం తప్పా?
- విజయవాడ

జవాబు: తప్పు. సరుకు అమ్మకుండా అమ్మినట్టు బిల్లు చూపడమే అది. మిషన్ ఇచ్చిన బ్యాంకు ఖాతా ఆపేస్తుంది, ఆ డబ్బంతా మీ అమ్మకంగా జీఎస్టీ లెక్కలోకి ఎక్కుతుంది, దొంగిలించిన కార్డయితే పోలీసు కేసు. స్వైపింగ్ మిషన్ మీద నగదు ఇచ్చే అధికారిక పద్ధతి ఒకటి ఉంది కానీ అది డెబిట్ కార్డులకు. రోజుకు పెద్ద పట్టణాల్లో 1,000, చిన్న ఊళ్లలో 2,000 పరిమితి. బ్యాంకు రాతపూర్వకంగా అనుమతిస్తేనే చేయండి.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో హెచ్-1బీ మీద ఉన్నాడు. మిత్రుడి గ్యాస్ స్టేషన్‌లో సొంత ఏటీఎం పెడతానంటున్నాడు. అక్కడ వీలవుతుందా?
- గుంటూరు

జవాబు: అమెరికాలో వ్యక్తులు మిషన్ సొంతానికి కొనుక్కోవచ్చు. అయితే స్పాన్సర్ బ్యాంకు ఉన్న ఐఎస్‌ఓ కంపెనీ (ఏటీఎంలను నెట్‌వర్క్‌కు కలిపే మధ్యవర్తి సంస్థ) ద్వారానే నెట్‌వర్క్‌లోకి వెళ్లాలి. ఫీజు ఎంతో తెర మీద చూపి కస్టమరు ఒప్పుకున్నాకే కోయాలి. వికలాంగుల చట్టం ప్రకారం మీటలు 48 అంగుళాల ఎత్తు దాటకూడదు, మాటతో నడిపించే హెడ్‌ఫోన్ సౌకర్యం ఉండాలి. చిప్ చదవని పాత మిషన్ కొంటే మోసపు లావాదేవీల నష్టం తన మీదికే వస్తుంది. ఇవన్నీ సర్దుబాటు అయ్యేవే. అసలు చిక్కు వీసాతో. హెచ్-1బీ మీద స్పాన్సర్ చేసిన ఉద్యోగం తప్ప వేరే పని చేయకూడదు. స్వయంగా వెళ్లి నగదు నింపడం, మరమ్మతు చేయడం పని కిందికి వస్తుంది. ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడకుండా మిషన్ ఆర్డరు చేయవద్దని చెప్పండి.

ప్రశ్న: ఏడాదిన్నరగా నడుపుతున్నాం, గిట్టడం లేదు. మధ్యలో మానుకుంటే డిపాజిట్ వస్తుందా?
- ఆమదాలవలస

జవాబు: ఒప్పందంలో లాక్-ఇన్ గడువు (మధ్యలో మానుకోకూడని కనీస కాలం) చూడండి. అది దాటకపోతే మిషన్ తరలింపు ఖర్చు కోసుకునే హక్కు సాధారణంగా కంపెనీకి ఉంటుంది. లావాదేవీలు కంపెనీ చూపిన అంచనాకన్నా చాలా తక్కువగా ఉంటే నెలవారీ నివేదికలు జతచేసి, వేరే చోటికి మార్చమని ముందు రాయండి. మిషన్ మార్చడం వాళ్లకూ లాభమే కాబట్టి చాలాసార్లు ఒప్పుకుంటారు.

మానుకోవడమే ఖాయమైతే స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి, నోటీసు గడువు పూర్తయ్యేవరకు మిషన్ నడపండి. ఆఖరి రోజు కంపెనీ మనిషి ఎదుటే వాల్ట్ తెరిచి, క్యాసెట్‌లు, రిజెక్ట్ బిన్ లెక్కపెట్టి, ఇద్దరి సంతకాలతో కాగితం రాసుకోండి. కస్టమర్ల పాత క్లెయిములు ఆ తర్వాత కూడా వస్తుంటాయి. అందుకే డిపాజిట్‌లో కొంత కొన్నాళ్లు ఆపుతారు. ఎంత, ఎన్నాళ్లు అనేది అదే కాగితంలో రాయించండి. హార్డ్ డిస్క్‌లోని కెమెరా రికార్డింగును వాళ్లకు అప్పగించే ముందు చివరి 90 రోజులది కాపీ తీసి పెట్టుకోండి.